బొమ్మ ఒకరిది... సోకు మరొకరిది!

ఇంటర్నెట్ రాతలకు ఉచిత చిత్రాలు: కొల్లేటి సీమవారు తెలుసుకోవలసిన సంగతులు

ఏలూరు: ఊరి గురించి నాలుగు మంచి ముక్కలు రాసి లోకానికి చెప్పాలనుకునే వారికి ఈనాడు పత్రికాఫీసుల చుట్టూ తిరగవలసిన అవసరం లేదు. చేతిలో సెల్‌ఫోను ఉంటే చాలు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర మొదలు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వరకు ఏ విషయమైనా రాసి, సాయంత్రానికల్లా దేశదేశాల తెలుగువారి చేత చదివించవచ్చు. రాతకు ఇబ్బంది లేదు. చిక్కల్లా బొమ్మ దగ్గరే వస్తోంది.

బొమ్మ లేని రాతను చదివేవారు తక్కువ. అందుచేత రాసినవారు గూగుల్‌లో వెదకడం, కంటికి నచ్చిన ఫొటోను దింపుకోవడం, దాని మూలనున్న పేరును కత్తిరించి తమ రాతకు అతికించడం పరిపాటి అయిపోయింది. 'సొమ్మొకడిది, సోకొకడిది' అన్న సామెతకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. నిజానికి ఎవరి సొమ్మూ ముట్టుకోకుండా, చట్టబద్ధంగా, పైసా ఖర్చు లేకుండా దొరికే బొమ్మలు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో, ఎలా గుర్తించాలో తెలియకపోవడమే లోపం.

కష్టం కనిపించదు

కైకలూరు మండలం ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతు ఫొటో తీయాలంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించాలి. గూళ్లు కట్టే కాలం చూసుకోవాలి. తెల్లవారకముందే బయలుదేరాలి. దూరం నుంచి తీసే ఖరీదైన కటకం కావాలి. పిట్ట బెదరకుండా గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. వంద నొక్కితే ఒకటి కుదురుతుంది. ఆ ఒక్కదాన్ని ఎవరో అర నిమిషంలో దింపుకుని, పేరైనా చెప్పకుండా వాడేసుకుంటే, తీసినవారికి కడుపు మండదా? చెరువులో చేపను రాత్రికి రాత్రి పట్టుకుపోతే దొంగతనమని ఊరంతా ఒప్పుకుంటుంది. ఫొటో విషయంలో మాత్రం 'నెట్‌లో దొరికింది' అంటే సరిపోతుందని చాలామంది అనుకుంటున్నారు.

నొక్కిన క్షణమే హక్కు

మన దేశంలో ఈ వ్యవహారమంతా 1957 నాటి కాపీరైటు చట్టం కింద నడుస్తోంది. ఫొటో తీసిన క్షణంలోనే దాని మీద హక్కు పుడుతుంది. ఎక్కడా రిజిస్టరు చేయించనక్కరలేదు. బొమ్మ మీద పేరు రాసి ఉండాలన్న నియమమూ లేదు. కనుక 'పేరు లేదు కాబట్టి ఎవరిదీ కాదు' అనే వాదన చెల్లదు.

2012లో చట్టానికి జరిగిన సవరణ దరిమిలా ఫొటోలకు సైతం రచనలతో సమానంగా, తీసినవారి జీవితకాలమూ, ఆ పైన మరో 60 ఏళ్లూ రక్షణ వర్తిస్తోంది. హక్కును ఉల్లంఘించిన నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని చట్టం చెబుతోంది. వ్యాపార లాభం కోసం కాని సందర్భాల్లో శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. నష్టపరిహారం కోరుతూ సివిలు దావా వేసే దారి వేరే ఉంది.

సమీక్షకూ, విమర్శకూ, వర్తమాన సంఘటనల వార్తకూ కొంతమేరకు వాడుకునే మినహాయింపులు చట్టంలో లేకపోలేదు. అయితే అవి హద్దులున్న మినహాయింపులు. ఊరి చరిత్ర వ్యాసాన్ని అలంకరించడానికి ఎవరి ఫొటోనైనా తెచ్చుకోవచ్చని వాటి అర్థం కాదు.

పెళ్లి ఫొటో ఎవరిది?

ఇక్కడ పల్లెల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. డబ్బిచ్చి స్టూడియోవారి చేత తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. చట్టంలోని 17వ సెక్షను ఈ మాట చెబుతోంది. కనుక ఇంట్లో గోడకు వేలాడుతున్న తాతగారి ఫొటోను, ఆనాడు ఆయన డబ్బిచ్చి తీయించుకున్నదైతే, వారసులు ఊరి చరిత్రకు జతపరచడానికి సాధారణంగా అడ్డుండదు. పదిమంది వారసులున్నచోట అందరితో ఒక మాట అనుకోవడం మేలు.

గుడి గోపురం, నాలుగు రోడ్ల కూడలిలోని విగ్రహం సంగతేమిటని కొందరికి అనుమానం. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలనూ, కట్టడాలనూ ఫొటో తీసి ప్రచురించడానికి 52వ సెక్షను అనుమతిస్తోంది. గోడల మీద వేసిన రంగుల చిత్రాలకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. గుడి లోపల ఫొటోలు నిషేధించి ఉంటే ఆ నియమాన్ని పాటించవలసిందేనని వేరే చెప్పనక్కరలేదు.

బాపిరాజు బొమ్మ, బాపు బొమ్మ

ఉచిత చిత్రాలు రెండు దారుల్లో దొరుకుతాయి. మొదటిది, కాపీరైటు గడువు తీరి లోకం సొత్తుగా మారినవి. రెండవది, హక్కుదారులే 'అందరూ వాడుకోండి' అని రాసి ఇచ్చినవి.

మొదటి దారిని అర్థం చేసుకోవడానికి మన సీమకు చెందిన ఇద్దరు చిత్రకారులు చాలు. భీమవరంలో 1895లో పుట్టిన అడివి బాపిరాజు 1952లో కన్నుమూశారు. అరవై ఏళ్ల గడువు 2012తో ముగిసింది. 2013 జనవరి 1 నుంచి ఆయన గీసిన చిత్రాలను ఎవరైనా వాడుకోవచ్చు. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు 2014లో కన్నుమూశారు. ఆయన గీతలకు 2074 చివరి వరకు రక్షణ ఉంటుంది. పెళ్లి శుభలేఖల మీద, సంక్రాంతి శుభాకాంక్షల మీద బాపు బొమ్మ అచ్చవడం చూసి అది అందరిదీ అనుకోవడం పొరపాటు. ఇంటింటా దేవుడి పటాలుగా వెలసిన చిత్రాలు గీసిన రవివర్మ 1906లోనే గతించారు కనుక ఆయన లక్ష్మినీ, సరస్వతినీ నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

మొక్కల మీద, చెట్ల మీద రాసేవారికి మరో నిధి ఉంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన విలియం రాక్స్‌బరో 18వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో సామర్లకోటలో ఉండి ఈ తీరపు మొక్కలన్నిటినీ పరిశీలించారు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించారు. అందులో 300 బొమ్మలు 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' పేరిట 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మన తాటిచెట్టు కూడా అందులో ఉంది. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో ఆ పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, దింపుకోవచ్చు. రాక్స్‌బరో పేరు లోకమంతా తెలుసు. ఆ బొమ్మలు గీసిన చేతులు ఎవరివో చాలామటుకు నేటికీ తెలియదు. బొమ్మ కింద పేరు వేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది చాలు.

'వాడుకోండి' అన్నవారివి

రెండవ దారికి క్రియేటివ్ కామన్స్ అని పేరు. 2001లో అమెరికాలో ఏర్పడిన ఈ సంస్థ 2002లో మొదటి లైసెన్సులను విడుదల చేసింది. హక్కు తన దగ్గరే ఉంచుకుంటూ, ఏయే షరతుల మీద ఇతరులు వాడుకోవచ్చో ముందే ప్రకటించే పద్ధతి ఇది. ఒక్కొక్కరూ ఉత్తరం రాసి అనుమతి అడగనక్కరలేదు. బొమ్మ పక్కన ఉండే గుర్తులను బట్టి షరతు తెలిసిపోతుంది.

'సిసి జీరో' అంటే షరతులేమీ లేవు. 'బివై' అంటే తీసినవారి పేరు చెప్పాలి. 'ఎస్ఏ' అంటే ఆ బొమ్మను మార్చి కొత్తది తయారుచేస్తే దాన్ని కూడా అవే షరతుల మీద అందరికీ ఇవ్వాలి. 'ఎన్‌సి' అంటే వ్యాపారానికి పనికిరాదు. ప్రకటనల మీద డబ్బు వచ్చే చోట్ల రాసేవారు ఈ గుర్తున్న బొమ్మ జోలికి పోకపోవడం మంచిది. 'ఎన్‌డి' అంటే మార్చిన బొమ్మను ప్రచురించరాదు. ఈ అయిదు గుర్తులు తెలిస్తే సగం చదువు అయినట్టే.

ఎక్కడ వెదకాలి?

అన్నిటికంటె పెద్ద గాదె వికీమీడియా కామన్స్. 2004 సెప్టెంబరులో మొదలైన ఈ చిత్ర భాండాగారంలో ఇప్పుడు 10 కోట్లకు పైగా దస్త్రాలు ఉన్నాయి. వాటిని చేర్చినవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. 2003 డిసెంబరులో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలో కనిపించే బొమ్మల్లో అధిక భాగం ఇక్కడివే. కొల్లేరు, ఆటపాక, గుంటుపల్లి బౌద్ధ గుహలు అని వెదికితే మన ప్రాంతపు ఫొటోలు దొరుకుతాయి. తెలుగులో వెదికితే కొద్దిగా, ఇంగ్లీషు అక్షరాల్లో వెదికితే ఎక్కువగా కనిపిస్తాయి.

ఓపెన్‌వర్స్ అనే మరో చోట అనేక భాండాగారాలను ఒకేసారి వెదకవచ్చు. ఫ్లికర్‌లో లైసెన్సును బట్టి వడపోసే ఏర్పాటుంది. గూగుల్ చిత్రాల్లో సైతం 'టూల్స్' నొక్కి, 'యూసేజ్ రైట్స్' అన్న చోట క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే ఆ రకం బొమ్మలు మాత్రమే వస్తాయి. అప్పుడు కూడా అసలు పేజీకి వెళ్లి షరతు చదువుకోవాలి. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3 లక్షల 75 వేల చిత్రాలను షరతుల్లేకుండా విడుదల చేసింది. పాత శిల్పాలు, చిత్రాల మీద రాసేవారికి అవి ఉపయోగపడతాయి.

అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే అనేవి మరో రకం. అక్కడి అందమైన ఫొటోలను వాటి సొంత నిబంధనల ప్రకారం ఉచితంగా వాడుకోవచ్చు. అయితే మన విషయాలకు అవి అన్ని వేళలా పనికిరావు. 'పెలికన్' అని వెదికితే అమెరికా పక్షో, ఆస్ట్రేలియా పక్షో ఎదురవుతుంది. ఆటపాకలో గూడు కట్టేది బూడిద రంగు తిరిగిన, పై ముక్కు పొడవునా మచ్చలున్న గూడబాతు. దాని శాస్త్రీయనామం పెలికానస్ ఫిలిప్పెన్సిస్. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెదికితే అసలు పక్షి దొరుకుతుంది. చేపల సంగతీ అంతే. శీలావతి గురించి రాస్తూ ఏ విదేశీ చేపనో, టైగరు రొయ్య అంటూ వెనామీ రొయ్యనో పెడితే కొల్లేటి రైతు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆ తరువాత రాతలోని నిజాన్ని కూడా నమ్మడు.

ఆకాశం నుంచి కొల్లేరు

కొల్లేరు ఎలా మారిందో చూపదలచినవారికి ఉపగ్రహ చిత్రాలకు మించిన సాక్ష్యం లేదు. అమెరికా 1972లో మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపింది. ఆ వరుస ఉపగ్రహాలు తీసిన చిత్రాలన్నిటినీ 2008 నుంచి ఆ దేశపు భూగర్భ సర్వే సంస్థ ఉచితంగా ఇస్తోంది. ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ అనే దాని వెబ్‌సైటులో కొల్లేటిని ఎంచుకుని ఏ ఏటి చిత్రమైనా దింపుకోవచ్చు. 1970ల నాటి సరస్సును, ఆ తరువాత గళ్ల దుప్పటిలా అల్లుకున్న చేపల చెరువులను పక్కపక్కన పెడితే వేరే మాట అవసరం ఉండదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి ఇంకా స్పష్టమైన చిత్రాలను ఇస్తున్నాయి. వాటి కింద 'కోపర్నికస్ సెంటినెల్ డేటా' అని, సంవత్సరం వేయాలి.

1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కడం, 2006లో చెరువుల గట్లు కొట్టివేయడం వంటి ఘట్టాల గురించి రాసేవారు ఆయా ఏళ్ల చిత్రాలను తేదీతో సహా చూపించగలరు. పైసా ఖర్చుండదు.

పటాలకు మాత్రం గూగుల్ మ్యాపును ఫోనులో ఫొటో తీసి అతికించడం సరికాదు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలను పేరు చెప్పి వాడుకోవచ్చు. మరొక జాగ్రత్త కూడా అవసరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలో చేరాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది గాని ఆ జిల్లా కేంద్రం భీమవరానికి మారింది. అంతకుముందరి పటం ఉచితమే అయినా నేటి వ్యాసానికి పనికిరాదు.

పేరు ఎలా వేయాలి?

ఉచితం అనగానే పేరు కూడా వేయనక్కరలేదనుకోరాదు. బొమ్మ కిందనే చిన్న అక్షరాల్లో 'ఫొటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సిసి బివై-ఎస్ఏ 4.0' అని వేసి, అసలు పేజీకీ, లైసెన్సుకూ లంకె ఇస్తే సరిపోతుంది. అంచులు కత్తిరించినా, రంగులు మార్చినా ఆ ముక్క చెప్పాలి. 'ఫొటో: గూగుల్', 'ఫొటో: ఇంటర్నెట్' అని వేయడం ఎందుకూ కొరగాదు. బియ్యం ఎక్కడివని అడిగితే 'సంచిలోవి' అన్నట్టుంటుంది.

బొమ్మ ఎవరిదో తెలియనప్పుడు గూగుల్ లెన్స్, టిన్‌ఐ వంటి సాధనాల్లో ఆ బొమ్మనే పెట్టి వెదికితే అది మొదట ఎక్కడ వచ్చిందో చాలాసార్లు బయటపడుతుంది. అప్పటికీ హక్కుదారు ఎవరో తేలకపోతే ఆ బొమ్మను వదిలివేయడమే ఉత్తమం.

తప్పుడు బొమ్మ తెచ్చే చేటు

చట్టం మాట అటుంచి, నిజం మాట ఒకటుంది. బుడమేరు, తమ్మిలేరు పొంగి లంక గ్రామాల వైపు నీరు మళ్లినప్పుడు ఏ ఏటిదో, ఏ రాష్ట్రానిదో వరద ఫొటోను ఈనాటిదిగా పెడితే దూరాన ఉన్న పిల్లలు తల్లిదండ్రుల కోసం తల్లడిల్లిపోతారు. పాత ఫొటో వాడవలసి వస్తే తీసిన తేదీ, స్థలం విధిగా వేయాలి.

కృత్రిమ మేధతో గీయించే బొమ్మలు ఇప్పుడు కొత్తగా వచ్చాయి. అవి చూడ్డానికి ఫొటోల మాదిరే ఉంటాయి. అలా గీయించిన కొల్లేరులో లేని కొండ, లేని పడవ, లేని పిట్ట రావచ్చు. కథకు అలంకారంగా పెట్టుకుంటే ఆ సంగతి బొమ్మ కింద చెప్పాలి. ఊరి చరిత్రకూ, వార్తకూ అటువంటి బొమ్మ సాక్ష్యం కాజాలదు.

లేని బొమ్మలు ఎవరివ్వాలి?

ఎంత వెదికినా దొరకని బొమ్మలు ఉన్నాయి. తెలుగు వికీపీడియాలో మన రాష్ట్రపు గ్రామాలకు వేల సంఖ్యలో పేజీలున్నా, వాటిలో ఒక్క ఫొటో కూడా లేనివి ఎన్నో. తాటి దోనె తొలిచే విధానం, మావులు అల్లే పద్ధతి, ఉప్పుటేరు పోటు, తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే... ఇటువంటివాటి కోసం విదేశీ భాండాగారాల్లో ఎంతకాలం వెదికినా ఏం లాభం? అవి ఇక్కడివారి ఫోనుల్లోనే ఉన్నాయి. తాటి దోనెలు తొలిచే చేతులు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఈ పదేళ్లలో ఫొటో తీయకపోతే ఆ తరువాత తీయడానికి దోనె ఉండకపోవచ్చు.

ఇవ్వడం కష్టమైన పని కాదు. వికీమీడియా కామన్స్‌లో ఒక ఖాతా తెరిచి, సొంతంగా తీసిన ఫొటోను ఎక్కించి, ఊరి పేరు, తేదీ, విషయం తెలుగులో రాస్తే చాలు. ఆండ్రాయిడ్ ఫోనులకు కామన్స్ యాప్ కూడా ఉంది. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ఫొటోకు స్పష్టత తగ్గుతుంది, తేదీ వగైరా వివరాలు చెరిగిపోతాయి. కాబట్టి కెమెరా నుంచి వచ్చిన అసలు దస్త్రాన్నే ఎక్కించి, దాన్ని భద్రపరచుకోవాలి. రేపు ఎవరైనా 'ఇది మాది' అంటే చూపడానికి అదే రుజువు.

ఎక్కించేముందు నాలుగు విషయాలు ఆలోచించుకోవాలి. ఒకసారి ఇచ్చిన లైసెన్సును మళ్లీ వెనక్కు తీసుకోవడం కుదరదు. వ్యాపారులు సైతం వాడుకునే వీలుంటుంది. ఇతరులు తీసిన ఫొటోను తమదిగా ఎక్కించరాదు. మనుషుల ముఖాలు, ముఖ్యంగా పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలకు వారి సమ్మతి, పెద్దల సమ్మతి తీసుకోవాలి. ఆటపాకలో అటవీశాఖ ఏర్పాటు చేసిన ఇనుప స్టాండ్ల మీద పక్షులు గుడ్లు పొదుగుతున్నప్పుడు ఫొటో కోసం దగ్గరకు పోయి బెదరగొట్టడం మహాపాపం. అభయారణ్యంలో అటవీశాఖ నిబంధనలు తెలుసుకునే అడుగు పెట్టాలి.

ఈ సంగతులు బడుల్లోను, కళాశాలల్లోను విద్యార్థులకు చెప్పవలసిన అవసరం ఎంతైనా ఉంది. గ్రామ గ్రంథాలయాలు పూనుకుంటే ఒక్క వేసవి సెలవుల్లో ఊరి చెరువు, గుడి, బడి, పాత మేడ, వృత్తి పనివారి పనిముట్లు అన్నీ ఫొటోలకెక్కుతాయి. రాక్స్‌బరో చిత్రకారుల పేర్లు రెండు శతాబ్దాల కిందట చెరిగిపోయాయి. నేటి కొల్లేటి సీమ ఫొటోగ్రాఫరు పేరు చెరిగిపోకుండా ఉండాలంటే తీసినవారు పేరుతో ఇవ్వాలి, వాడుకునేవారు ఆ పేరు చెప్పి వాడుకోవాలి. ఖర్చు లేని పని, కాస్త మర్యాద ఉంటే చాలు.